వెనక్కి తిరగని మాస్టారు

మా భూషణం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "ఏదీ, మళ్ళీ అడుగు" అంటారు. రెండోసారి అడిగేసరికి చాలా ప్రశ్నలు వాటంతటవే నీరుగారిపోతాయి. నావి ఎన్నో అలాగే పోయాయి. ఇదా నేనడిగింది అని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకుంటూ ఇంటికి పోయిన రోజులున్నాయి. మధుమతి ప్రశ్న మాత్రం పోలేదు.

మధుమతి ఆయన దగ్గర చదువుకున్న మనిషే. ఇప్పుడు ఒంగోల్లో సొంతంగా ఒక బడి నడుపుతోంది. ఒక ఆదివారం సాయంత్రం నేను మాస్టారింట్లో ఉండగా వచ్చింది. వస్తూనే, ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేసి మొదలుపెట్టింది. పిల్లలు టీచర్లని ఏమని పిలవాలన్న దానిమీద వాళ్ళ బడిలో పెద్ద రభస అయిందట. సార్, మేడమ్ అంటే దొరల కాలం వాసన అన్నారు కొందరు. అక్కా, అన్నా అంటే చనువెక్కువై నెత్తికెక్కుతారన్నారు మరికొందరు. గురువుగారూ అనాల్సిందేననీ, అనని పిల్లల్ని గేటు దగ్గరే నిలబెట్టాలనీ కమిటీలో ఒక పెద్దమనిషి పట్టుబట్టి కూర్చున్నాడట. మర్నాటికల్లా ఏదో ఒకటి తేల్చి గోడకి బోర్డు కొట్టించాలి.

"మళ్ళీ అడుగు," అన్నారు మాస్టారు.

"పిల్లలు మమ్మల్ని ఏమని పిలవాలి మాస్టారూ?"

ఆయన ఆలోచనలో పడ్డారు. ఓస్, ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచనేమిటా అనుకున్నాను నేను. తొందరపడి ఏదో అనబోయాను కూడా. ఆయన నావైపు చూడనైనా చూడకుండా, ఏసురత్నం సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

ఏసురత్నం ఆయనతో పాటు ట్రైనింగ్ చదివిన స్నేహితుడు. ఊరికి ఎడంగా ఉండే పల్లెలో పుట్టినవాడు. ఉద్యోగం కూడా అక్కడికి దగ్గర్లోనే, వాగు దాటితే వచ్చే ఊళ్ళో దొరికింది. ఆ ఊరి పేరేమిటని మధుమతి అడిగితే, "పేరెందుకమ్మా, అప్పట్లో ఏ ఊరైనా అదే," అన్నారు మాస్టారు. ఆ ఊరి పిల్లలు అంతకుముందున్న పంతుళ్ళందర్నీ మాస్టారూ అనే పిలిచారు. రత్నం వచ్చిన రోజున మాత్రం బసవయ్య అనే మోతుబరి పిల్లల్ని అరుగు ముందు నిలబెట్టి చెప్పాడట. "వాడి తాత మా గొడ్లచావిట్లో పేడ ఎత్తాడు. వాణ్ణి మాస్టారూ గీస్టారూ అన్నారంటే నాలిక చీరేస్తా. చదువు చెబితే చెప్పించుకోండి, అంతే."

పేరు పెట్టి పిలుద్దామంటే, బళ్ళ ఇన్‌స్పెక్టరు వింటే ఊరుకోడు. పాపం, పిల్లలేం చేస్తారు? "ఏయ్" అన్నారు, "ఓయ్" అన్నారు, "ఇదిగో" అన్నారు. రత్నం ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు, కసరలేదు. ఎదురుగా వచ్చి నిలబడితే నవ్వుతూ "ఏం నాయనా, ఏం తల్లీ" అనేవాడు. వెనకనించి "ఏయ్" అంటే మాత్రం వెనక్కి తిరిగేవాడు కాదు. పిల్లలనే కాదు, పెద్దలు పిలిచినా అంతే. ఊరు ఊరంతా "ఎంత పొగరో చూడు" అని చెప్పుకుంది. ఎందుకొచ్చిన పంతంరా అని భూషణం మాస్టారే ఒకసారి మందలించారట.

"మా నాన్న బతుకంతా ఏయ్ అంటే తిరిగాడు భూషణం," అన్నాడట రత్నం. "జీతం పెరగొద్దు, బదిలీ రావొద్దు. నేను తిరగను. ఈ ఒక్కటీ నాకు ఉండనీ."

బసవయ్య కూతురు సామ్రాజ్యం ఆ బళ్ళోనే నాలుగో తరగతి. లెక్కలంటే ఆ పిల్లకి జ్వరం వచ్చేది. భాగహారం అనగానే ఏడుపు. రత్నం చింతగింజలు గుప్పెట్లో పోసి, నేలమీద కుప్పలు పెట్టించి, ఓపిగ్గా నేర్పాడు. లెక్క మొదటిసారి సరిగ్గా వచ్చిన రోజున, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, ఆ పిల్ల చిన్న గొంతుతో "మాస్టారూ" అందట. అనేసి పారిపోయింది. ఆ సాయంత్రం రత్నం ఇంటికి పోకుండా ఎంతో దూరం సైకిలు తొక్కుకుంటూ భూషణం మాస్టారింటికి వచ్చాడు. వచ్చి ఈ సంగతి చెప్పి, తినడానికి కూర్చున్నవాడు తినలేకపోయాడు.

ఆ కార్తీకంలో పైన కొండల్లో వానలు పడి వాగు వచ్చింది. వాగు వస్తే ఊరంతా కట్టమీద చేరి చూడటం మామూలే. వాగుకి అడ్డంగా దారికోసం కట్టిన చప్టా మీద నీళ్ళు పిక్కల దాకా పారుతున్నాయి. ఆపాటి నీళ్ళలో దాటడం రత్నానికి కొత్త కాదు. బడి వదిలాక సైకిలు నడిపించుకుంటూ చప్టా మీదికి దిగాడు. మధ్యలో ఒకచోట చప్టా కొట్టుకుపోయిందని అతనికి తెలీదు. పైనించి నీళ్ళు పారుతుంటే కింద గండి ఏం కనబడుతుంది? కట్టమీదివాళ్ళకి తెలుసు. కాస్త ముందే ఒక దున్నపోతు అక్కడ మునగడం వాళ్ళు చూశారు.

పిల్లలు కేకలు పెట్టారు. "ఓయ్! ఏయ్! ఆగు!" వాగు హోరులో తక్కిన మాటలేవీ తెలియవు, మొదటి కేక మాత్రం వినబడుతుంది. రత్నం వెనక్కి తిరగలేదు. ఆ కట్టమీదనించి రోజూ ఎవరో ఒకరు అలా అరిచేవాళ్ళే. ఇదీ అలాంటిదే అనుకుని ఉంటాడు. బసవయ్య కూడా అరిచాడు. "బసవయ్య రాక్షసుడేం కాదు సుమా," అన్నారు మాస్టారు. "కళ్ళముందు మనిషి పోతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు. గొంతు చించుకుని అరిచాడు. కాకపోతే, ఒరేయ్ రత్నం అనే అరిచాడు. అతని నోటికి వేరే మాట రాదుగా." ఆ కేకకి రత్నం మెడ ఇంకా బిగుసుకుందట. నడక ఇంకా జోరు చేశాడు.

సామ్రాజ్యం తండ్రి పక్కనే ఉంది. పిలుపు నోటిదాకా వచ్చింది. తండ్రి మొహం వంక చూసింది. మళ్ళీ వాగు వంక చూసింది. మళ్ళీ తండ్రి వంక చూసింది. అప్పుడిక ఆగలేక, "మాస్టారూ!" అని కేకేసింది.

రత్నం తిరిగాడు.

ఊరందరి ఎదుటా ఎవరో తనని మాస్టారూ అన్నారు. నవ్వాడట. చెయ్యెత్తాడట. కానీ అప్పటికే సైకిలు ముందు చక్రం గండిలోకి దిగిపోయింది, దాని వెంటే మనిషీ పోయాడు. ఆ పిలుపు తండ్రి మొహం చూడకముందే వచ్చి ఉంటే బతికేవాడు. మర్నాడు దిగువన తుమ్మచెట్ల మధ్య దొరికాడు.

ఇక్కడ మాస్టారు ఆగిపోయారు. మధుమతి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

రత్నం పోయాక ఆ బడికి భూషణం మాస్టారినే వేశారు. మొదటిరోజు ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలంతా ఒక్కసారిగా లేచి "నమస్కారం మాస్టారుగారూ" అన్నారట, కప్పు అదిరిపోయేలా. అలా అనమని బసవయ్యే నేర్పించాడట. వెనకవరసలో సామ్రాజ్యం మాత్రం లేచి నిలబడిందే గాని నోరు విప్పలేదు.

వారం తిరక్కుండా బసవయ్య బడికొచ్చాడు. కుర్చీ వేయిస్తే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నేలమీద చతికిలబడ్డాడు.

"మాస్టారూ, మా అమ్మాయి నన్ను నాన్నా అనడం మానేసిందండీ," అన్నాడట. "ఆ రోజు నించే. అన్నం కావాలన్నా, ఏది కావాలన్నా, వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నేను తల ఎత్తి చూసేదాకా అలా నిలబడే ఉంటుంది. తిట్టాను, కొట్టాను, ఆఖరికి కాళ్ళు కూడా పట్టుకున్నాను. మీరు పంతుళ్ళు, మీ మాట వింటుంది. ఏమని పిలవాలో మీరైనా కాస్త నేర్పండి."

"నేర్పారా?" అంది మధుమతి.

మాస్టారు లేచి, చల్లారిన కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు, మళ్ళీ వెచ్చబెట్టి తెస్తానని. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఏమని పిలవాలో ఆ పిల్లకి ముందే తెలుసు కదమ్మా," అన్నారు.