ఓబులక్క మేకుల పలక

చెప్పేవాడికి ఊపిరుండాలి, వినేవాడికి ఓపికుండాలి. ఊ కొడుతూ ఉండండి, చెబుతాను.

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా దోగాడుతున్న కాలంలో ఒక వాగు ఉండేది. వాగు నుంచి ఒక కాలువ పారేది. కాలువకు ఎగువన పైవూరు, దిగువన కిందివూరు. రెండూళ్ల నడుమ ఒక కొలిమి. ఆ కొలిమి ఓబులక్కది. మొగుడు పోయాక సుత్తి తానే పట్టింది. రెండూళ్ల తలుపులకూ, బండ్లకూ మేకులు ఆమె చేసినవే.

చెయ్యి మంచిదే. నోరే నిప్పు. మేకు వంకరపోతే మేకును తిట్టేది. గాలి ఎదురు వీస్తే గాలిని తిట్టేది. ఎవరూ దొరక్కపోతే తన నీడనే తిట్టేది.

ఒకనాడు నార దువ్వుకునేవాళ్ల కోసం ఒక పలక చేసింది. రెండు మూరల పొడవు చెక్కకు, మొనలు పైకి వచ్చేట్టు దగ్గర దగ్గరగా వందల మేకులు దిగ్గొట్టింది. పలకను నేల మీద పెట్టి అటు తిరిగిందో లేదో, ఒక మేక వచ్చి ఆమె సద్దిమూట లాగింది.

"నీ కొమ్ములిరిగిపోను!" అంటూ ఓబులక్క సుత్తి ఎత్తుకుని, ముందూ వెనకా చూడకుండా రెండు కాళ్లూ పలక మీద పెట్టేసింది.

దూకిందా, బరువంతా ఏ రెండు మేకుల మీదో పడి అవి పాదంలో దిగుతాయి. కదలకుండా నిలబడితే వందల మేకులూ కలిసి మోస్తాయి. ఆ సంగతి కమ్మరామెకు ఒకరు చెప్పాలా? అలాగే నిలబడింది.

మొదటి ఊపిరికి మేకను తిట్టింది. రెండో ఊపిరికి తన రాతను తిట్టింది. మూడో ఊపిరికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

మెల్లగా దిగి చూసుకుంటే నెత్తురు లేదు. ముగ్గుకు పెట్టినట్టు పాదాల నిండా చుక్కలు. మేక ఆమె రొట్టె నములుతూ ఆమెనే చూస్తోంది. ఓబులక్కకు నవ్వొచ్చింది. ఎన్నేళ్లకో వచ్చిన నవ్వు!

నారవాళ్లకు ఇంకో పలక చేసిచ్చి, మొదటిది తనే ఉంచుకుంది. రోజూ పొద్దున కొలిమి రాజేసే ముందు పలకెక్కి కాసేపు నిలబడేది. "ఓబులక్కకు మతి పోయిందప్పా" అన్నారు జనం. పోయింది మతి కాదు, కోపం.

ఇలా ఉండగా ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పైవూరివాళ్లు కాలువకు అడ్డంగా కట్ట వేశారు. కిందివూరి మళ్లు నెర్రెలు బారాయి. రెండూళ్లూ కర్రలు తీశాయి. కర్రలు చాలవని బరిసెలు తీశాయి.

ఒక పొద్దున పైవూరి పెద్ద పుల్లప్ప బరిసెల మోపుతో కొలిమికి వచ్చాడు. అప్పుడే కిందివూరి పెద్ద సుంకన్న కూడా మోపుతో వచ్చాడు. ఒకరినొకరు చూసి పళ్లు కొరికారు.

"పదును పెట్టక్కా!" అన్నాడొకడు.

"ముందు నాకు!" అన్నాడింకొకడు.

"ఇద్దరికీ పెడతా. కూలొద్దు" అంది ఓబులక్క. "నా పని అయ్యేదాకా ఇద్దరూ ఆ పలకెక్కి నిలబడాల. అంతే."

"మేకుల మీదా?"

"నేను రోజూ నిలబడతాండా. మీకు భయమైతే చెప్పండి నాయనా, పీటేస్తా."

రెండో ఊరివాడి ముందు భయమని ఎవడు ఒప్పుకుంటాడు? చెప్పులు విడిచారు. ఎదురెదురుగా పలకెక్కారు. ఎక్కగానే తూలారు. పడితే ఒళ్లు జల్లెడే! చేసేది లేక ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు.

మొదటి ఊపిరికి పుల్లప్ప "ఒరే, నిన్నూ..." అన్నాడు, "అబ్బా" అన్నాడు.

రెండో ఊపిరికి సుంకన్న "నీ కట్టా, నువ్వూ..." అన్నాడు, "అమ్మా" అన్నాడు.

మూడో ఊపిరికి ఇద్దరూ నోరు మూశారు. ఒకరి ఊపిరి ఒకరికి వినిపించింది.

అప్పుడు సుంకన్న మెల్లగా అన్నాడు. "మా ఎద్దులకు తాగను నీళ్లు లేవు పుల్లప్పా."

పుల్లప్ప తల దించుకున్నాడు. "మా చివరి మడీ తడవలేదప్పా. భయమేసి కట్టేసినాం."

"మూడు దినాలు మీరు, మూడు దినాలు మేము?"

"సరే. ఈరోజే కట్ట తీపిస్తా." ఆ మాట అన్నాక పుల్లప్పకు బరిసెలు గుర్తొచ్చాయి. "ఓబులక్కా, పదును అయిందా?"

"ఇంకా మొదలే పెట్టలేదు నాయనా" అంది ఓబులక్క, చేతులు కట్టుకుని.

ఆ బరిసెలు ఎర్రగా కాల్చి సాగగొట్టి ఆమె రెండూళ్లకూ పారలు చేసిచ్చింది.

ఏళ్లు గడిచాయి. పండు రాలినట్టు ఓబులక్క ఒకనాడు నిద్రలోనే పోయింది. రెండూళ్లూ వచ్చాయి, ఏడ్చాయి, కలిసి మోశాయి, కలిసి మట్టి వేశాయి. తిరిగొచ్చాక తగువు మొదలైంది. పలక మాదంటే మాదని! అప్పటికి పండుముసలివాళ్లైన పుల్లప్ప, సుంకన్న చెరో కొసా పట్టి లాగారు.

"వదులు!"

"నువ్వొదులు!"

లాగి లాగి ఆయాసమొచ్చి ఆగారు. సుంకన్న పలక వైపు చూశాడు. పుల్లప్ప సుంకన్న వైపు చూశాడు. పలకను నేల మీద పెట్టి, ఇద్దరూ చెప్పులు విడిచారు. మెల్లగా ఎక్కి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. మూడో ఊపిరికి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది.

పలకను కాలువ చీలే చోట పెట్టారు.

ఇప్పటికీ ఏటా నీళ్లు వదిలేనాడు రెండూళ్ల పెద్దలు చెప్పులు విడిచి ఆ పలకెక్కుతారు. భుజాలు పట్టుకుని మూడు ఊపిర్లు తీస్తారు. ఆ తర్వాతే వంతుల మాట. చెక్క పుచ్చితే కొత్తది వేశారు, మేకులు తుప్పుపడితే కొత్తవి కొట్టారు. ఓబులక్క పలక అన్న పేరు మాత్రం మార్చలేదు.

ఆ ఊళ్లలో ఏ ఇంట్లోనైనా మొగుడూ పెళ్లాలు గొంతులు పెంచితే, మూలనున్న అవ్వ అంటుంది: "మూడు ఊపిర్లు ఓబులక్కకియ్యండి. నాలుగోది మీ ఇష్టం."