కొత్త తోలుపట్టీ

పద్మనాభం గారికి కోపం ఎక్కువ. ఉపనిషత్తులు చెప్పే మనిషికి అంత కోపం ఉండకూడదని బొల్లారంలో చాలామంది ఆయన ముఖం మీదే అన్నారు. "ఉండకూడదు, నిజమే" అని ఒప్పుకుని ఆయన మళ్ళీ కోప్పడేవారు. ఆదివారం పొద్దున ఆయన వరండాలో పాఠానికి కూర్చునేవాళ్ళలో నేనొకణ్ణి, వనజ ఒకతె. బళ్ళో లెక్కలు చెబుతుంది. ఆమె చెల్లెలు జబ్బుచేసి, చాలాకాలం మంచంలో ఉండి, ఆ వేసవిలోనే పోయింది. అన్నాళ్ళూ ఒంటిచేత్తో సేవ చేసింది వనజే.

చెల్లెలు పోయాక చుట్టాలు దిగారు. అందరిదీ ఒకటే పాట. మర్చిపో, ఆ మంచం ఎవరికైనా ఇచ్చెయ్యి, గదికి రంగు వేయించు, మళ్ళీ మామూలు మనిషివి కా. ఆ పిల్ల బతికుండగా ఒక్క పూట వచ్చి పక్కన కూర్చోవడానికి వీళ్ళలో ఎవరికీ తీరిక లేకపోయింది. ఇప్పుడు మాత్రం సలహాలకి కొదవ లేదు. పరామర్శకి వెళ్ళినప్పుడల్లా వింటున్న నాకే ఒళ్ళు మండిపోయేది. వనజ మాత్రం అవన్నీ తలొంచుకుని విన్నది. విని విని, చివరికి తనూ నమ్మింది.

ఒక ఆదివారం పాఠం అయ్యాక అడిగింది. "గురువుగారూ, మనసు మీద ఏ మచ్చా మిగలకుండా కడిగేసుకునే సాధన ఏదైనా ఉంటే చెప్పండి. ఇదంతా జరగకముందు ఎలా ఉన్నానో అలా అయిపోవాలని ఉంది."

ఏ మంత్రమో ఎత్తుకుంటారని మేం ఎదురు చూశాం. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నిన్న మన రాజుగారి బండి పూజకి వెళ్ళానమ్మా" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిందే నేనిక్కడ చెబుతున్నాను. ఇందులో సగం కోపం ఆయనది, సగం నాది.

రామభద్రరాజు గారిల్లు గురువుగారి వెనక వీధిలోనే. గ్రానైటు వ్యాపారం, చేతినిండా పని, అయినా పాత మిలిటరీ బళ్ళంటే పిచ్చి. సైన్యం వాళ్ళు వేలం వేసిన తుక్కులోంచి ఒక అంబులెన్సును కొనుక్కొచ్చి, సెలవులన్నీ దాని కింద వెల్లకిలా పడుకునే గడిపారు. ఇంజను ముక్క ముక్కా విప్పి కడిగారు. దొరకని సామాన్ల కోసం పఠాన్‌కోట్ దాకా వెళ్ళొచ్చారు. ఆ శ్రద్ధను గురువుగారు కూడా కాదనలేదు. ఈసారి పాత బళ్ళ పోటీలో మొదటి బహుమతి తనదేనని రాజుగారి నమ్మకం. పని పూర్తయ్యాక బండి ఫొటో, దాని నంబరు పేపర్లో వేయించి, యుద్ధంలో ఈ బండిని ఎరిగినవాళ్ళెవరైనా ఉంటే పూజకి రమ్మని కోరారు.

ఒకాయన వచ్చాడు. పేరు దేవసహాయం, మార్కాపురం పక్క పల్లెటూరు. డెబ్భై ఒకటి యుద్ధంలో తొడలో తూటా దిగితే ఆయన్ని వేసుకెళ్ళింది ఈ బండిలోనే. భార్య మరియమ్మను వెంటబెట్టుకుని బస్సు మీద వచ్చాడు. రాజుగారు పొంగిపోయి శాలువా కప్పారు, ఫొటోలు తీయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బూడిద గుమ్మడికాయ గురువుగారి చేతిలో ఉంది.

"ముందు ఒకసారి లోపలికెక్కి చూస్తానయ్యా" అన్నాడు దేవసహాయం.

వెనక తలుపులు తీశారు. ఆయన కర్ర ఊతంగా ఎక్కి, ఎడమవైపు కింది స్ట్రెచర్ మీద కూర్చుని, పై స్ట్రెచర్ అంచంతా చేత్తో తడిమాడు. "ఈడ తోలుపట్టీ ఒకటి ఉండాల" అన్నాడు.

"ఉంది కద సార్" అంటూ రాజుగారు దాన్ని లాగి చూపించారు. కొత్త తోలు, మెరిసిపోతున్న ఇత్తడి బకిల్. దేవసహాయం దాన్ని బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసదాకా రాసి చూశాడు.

"ఇది గాదు. పాతది."

"పాతదాన్ని ఎలుకలు పాడుచేశాయి సార్. గుంటలు గుంటలుగా కొరికి పెట్టాయి. అది పారేసి, కొలత ప్రకారం కొత్తది కుట్టించాను. తేడా ఎవరినైనా కనిపెట్టమనండి చూద్దాం."

దేవసహాయం పట్టీ వదిలేశాడు. 

"ఆ పొద్దు నొప్పికి సూదిమందు లేదయ్యా. అయిపోయింది. నా పైన ఇంకో జవాను. బండి గుంటలో పడినప్పుడల్లా ఆయన అరవకుండా ఆ పట్టీ కొరుక్కునేవోడు. నేను కింద అరస్తా ఉన్నా. అప్పుడు పైనించి చెయ్యి దిగింది, పట్టీ పట్టుకోని. 'లే భాయ్' అన్నాడు, తీసుకోమని. నేను కొరికినా. మళ్ళీ పైకి అందించినా. దోవ పొడుగూతా అట్టనే, కాసేపు ఆయన, కాసేపు నేను. మొకం చూళ్ళేదు. పేరు తెలవదు. యేరు దాటేటప్పుడు పట్టీ పైకందిస్తే ఆ చెయ్యి అందుకోలా. ఆయన పంటిగాట్లు ఒక పక్క, నాయి ఒక పక్క ఉంటయ్యి. ఆయనదంటూ ఈ బూమ్మీద నాకు తెలిసింది అదొకటే. ఒక్కసారి దాని మీద చెయ్యేసి పోదామని వచ్చినా."

రాజుగారు కొత్త పట్టీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. మరియమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎలక కొరికిందో మడిసి కొరికాడో తెలవదా అయ్యా మీకు? తెలవకపోతే అడగబళ్ళా? అంతా చెరిపేసినాక పేపర్లో ఏపిచ్చి, ఎరిగినోళ్ళని రమ్మంటారా?"

"ఊరుకోయే" అన్నాడు దేవసహాయం. ఆమె ఊరుకోలేదు. మొగుడి భుజం మీది శాలువా తీసి, మడిచి, రాజుగారి చేతిలో పెట్టింది. అప్పుడు కూడా ఫొటోలవాడు ఫొటో తీశాడట.

రాజుగారు పాత పట్టీ కోసం వెంటనే తుక్కుకొట్టుకి మనిషిని పంపారు. తుక్కు ఎప్పుడో లారీ ఎక్కి ఎటో పోయింది. దొరకదని తెలిశాక ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్న మాట నిజం. గురువుగారి దగ్గరికి వచ్చి, "కావాలని చెయ్యలేదండీ. పోటీవాళ్ళ రూలే అది. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున బండి ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. ఎక్కడ గీత కనిపించినా మార్కులు తీసేస్తారు" అన్నారు.

మార్కులట! యుద్ధానికి వెళ్ళొచ్చిన బండి అనే కదా దాన్ని కొన్నది, మురిసింది, పేపర్లో వేయించింది. ఆ యుద్ధం బండి మీద ఎక్కడా కనపడకూడదని ఒక రూలు, ఆ రూలు తెలిసిన పెద్దమనుషులు, వాళ్ళు వేసే మార్కులు! నేనక్కడ ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. గురువుగారు మాత్రం గుమ్మడికాయను రాజుగారి చేతుల్లో పెట్టి, "దీంతో వడియాలు పెట్టించుకోండి" అని, ఆ దంపతుల్ని తన ఇంటికి తీసుకొచ్చి, భోజనం పెట్టి బస్సెక్కించారు.

అంతవరకూ చెప్పి ఆయన ఆపారు.  వనజ తల వంచుకుని లేదు. చెల్లెలు పోయాక ఆమె ముఖంలో కోపం చూడటం నాకదే మొదటిసారి.

"ఆ రూలు ఎవరు పెట్టారండీ?" అని నిలదీసింది, తప్పు గురువుగారిదే అయినట్టు.

"ఎవరో పెట్టారు" అన్నారాయన, కళ్ళజోడు తగిలించుకుంటూ. "ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజుకి ఆ బండి ఇంకా ఎవర్నీ మోయలేదమ్మా."