పొడి అక్షరాల పడవ

పైడిరేవు రాజు చిత్రభానుడికి ఓ ఉదయం ఓడ భాష నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది.

కారణం చిన్నదే. ముందురోజు రాజనౌక మీద నిలబడి, "ఆ తాడు లాగండి" అన్నాడు. ఏ తాడో తెలియక కళాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓడలో ప్రతి తాడుకూ ఒక పేరుంటుందని, వట్టి తాడు అనేది ఏదీ ఉండదని ఓడ నడిపే సరంగు దానయ్య వినయంగా మనవి చేశాడు. పక్కనున్న పరదేశపు వర్తకుడు మీసాల చాటున నవ్వాడు. ఆ నవ్వు రాజుకు మింగుడు పడలేదు.

ఓడ మాటలు నేర్పే పని ఆస్థాన పండితుడు గుణనిధి భట్టు తీసుకున్నాడు. ఆయన ఓడ ఎక్కింది తక్కువ, ఓడల గురించి చెప్పింది ఎక్కువ.

పాఠాలు మొదలైన నాటి నుంచి అంతఃపురంలో ప్రశాంతత పోయింది. రాజు తన మంచాన్ని ఎదురుగాలికి తిప్పించాడు. భోజనం దగ్గర రాణితో, "నెయ్యి గిన్నెకు లంగరు ఎత్తి ఇటు పంపు" అన్నాడు. రాణి గిన్నెను ఇంకాస్త తన వైపు జరుపుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. భట్టు ఆగలేదు.

"ప్రభూ, రాజనౌక మీద సరంగు అరుపులు వింటే చేపల అంగడి గుర్తొస్తోంది. పరువు తక్కువ. నేను ప్రతి ఆజ్ఞకూ పొడి అక్షరాలు తయారు చేశాను. లంగరు ఎత్తాలంటే 'ల.ఎ.', తెడ్లు వేయాలంటే 'తె.వే.'. పలక మీద రాసి చూపిస్తే చాలు. నోరు మెదపక్కర్లేదు."

రాజు మురిసిపోయాడు. కళాసీలందరూ ఆ అక్షరాలు నేర్చుకోవాలని, పలక చూడకుండా ఎవరూ చెయ్యి కదపరాదని ఉత్తర్వు వేశాడు. కళాసీలు నేర్చుకున్నారు కూడా. దానయ్య మాత్రం 'తె' అంటే తెడ్డో తెరచాపో తేల్చుకోలేక తడబడ్డాడు.

భట్టు ఆ అదను కోసమే కాచుకుని ఉన్నాడు.

"అక్షరం నిలవనివాడికి చుక్కాని ఎందుకు ప్రభూ? మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

ఆలోచించి చెబుతానన్నాడు రాజు. ఆ మాట రేవుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

రాజుకు తమలపాకులు చుట్టి అందించే అడపంవాడు అప్పలసూరి. రాజు ఎక్కడుంటే అతనూ అక్కడే. దానయ్య వెళ్లి అతని దగ్గర కూలబడ్డాడు.

"సూరిబాబూ, బుద్దెరిగిన కాడి నుంచీ చుక్కాని తప్ప ఏటీ పట్టనేదు. ఇప్పుడు ఒడ్డున కూకోబెడితే నానేటైపోవాల?"

"రేపు నువ్వు నీ చుక్కాని దగ్గరే నిలబడు. భట్టుగారు అడిగేదాకా నోరు మాత్రం తెరవకు. మిగతాది నాకొదిలెయ్."

మర్నాడు సభలో సూరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, భట్టుగారి పద్ధతి అమోఘం. ఒక్కసారి నీళ్ల మీద చూద్దాం. ఆయన పలకలతోనే రాజనౌకను అవతలి ఒడ్డుకు చేరిస్తే దానయ్య చుక్కానీ, నా అడపమూ రెండూ ఆయన బావమరిదికే. నోరు తెరిచి అరిస్తే మాత్రం ఓడినట్టు."

"అరుపా? నేనా?" భట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు.

"తమరు పడవలో ఎక్కడ నిలబడతారు? ముందా, వెనకా?"

"వెనక నిలబడేది నౌకర్లు. పండితుడి స్థానం ముందే!"

"సభవారు విన్నారు కదా," అని సూరి రాజుకు ఆకు చుట్టి అందించాడు.

సాయంత్రానికి రేవంతా జనం. రాజు, సూరి రాతిమెట్ల మీద నిలబడ్డారు. భట్టు పట్టుపంచె కట్టి, పలకల కట్టతో పడవ ముందు కొన మీదికెక్కాడు. వెనక చుక్కాని పట్టుకుని దానయ్య. నడుమ తెడ్లవాళ్లు.

భట్టు 'ల.ఎ.' పలక ఎత్తాడు. ముందు కొన దగ్గరే నిలబడ్డ కళాసీ చూసి లంగరు పైకి లాగాడు. రాజు చప్పట్లు కొట్టాడు.

భట్టు చిరునవ్వుతో 'తె.వే.' పలక ఎత్తాడు.

ఒక్క తెడ్డూ లేవలేదు.

పలకను తలపైకి ఎత్తాడు. ఊపాడు. ఒంటికాలి మీద లేచి మరీ ఊపాడు. తెడ్లవాళ్లు బుద్ధిగా కూర్చునే ఉన్నారు. లంగరు లేని పడవను ఆటుపోటు నీరు మెల్లగా పక్కకు లాగుతోంది. అటువైపు ఉప్పుచేపలు ఎండేసే రాతిగట్టు ఉంది.

రాజు కంగారుపడ్డాడు. "ఏమిటి సూరీ? వాళ్లకు అక్షరాలు వచ్చన్నారు కదా?"

"వచ్చు ప్రభూ. వాళ్ల వీపులకే రావు."

రాజు మళ్లీ చూశాడు. తెడ్డు వేసేవాడు పడవ వెనక వైపుకు తిరిగి కూర్చుంటాడు. మొహాలన్నీ దానయ్య వైపు. భట్టుకు ఎదురుగా ఉన్నవన్నీ వీపులే. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

పడవ గట్టును సమీపించింది. ఎండుచేపల వాసన ముందుగా భట్టుకే తగిలింది. పలక నీళ్లలోకి జారింది.

"ఓరి నాయనో! తెడ్లు వేయండ్రా! దానయ్యా, నువ్వైనా చెప్పవయ్యా బాబూ!"

ఆ అరుపు అవతలి ఒడ్డుకు కూడా వినపడింది.

"ఎయ్యండ్రా తెడ్లు!" అన్నాడు దానయ్య. పడవ గట్టును తాకీ తాకనట్టు మలుపు తిరిగి వచ్చేసింది.

భట్టు ఒగరుస్తూ దిగాడు. "అన్యాయం ప్రభూ! వాళ్లు అటు తిరిగి కూర్చుంటారని నాకెవరూ చెప్పలేదు!"

"చెబుదామనే అనుకున్నారు భట్టుగారూ," అన్నాడు సూరి. "నోరు మెదపక్కర్లేదని తమరే అన్నారు."

రేవంతా గొల్లుమంది. రాజు తన శాలువా తీసి సూరికి కప్పాడు. చేతి కడియం దానయ్యకు తొడిగాడు.

"చుక్కాని నీదే. ఇక నుంచి ఓడ మాటలు నాకు నువ్వే నేర్పాలి. మొదటి పాఠం ఇప్పుడే చెప్పు."

రాజు ఉత్సాహంగా పడవెక్కి, ముందు కొన వైపు మొహం పెట్టి, తెడ్డు చేతపట్టి కూర్చున్నాడు.

దానయ్య మెల్లగా అన్నాడు:

"ముందు ఇటు తిరిగి కూకోండి బాబూ."