ఒకే తాడు, రెండు మళ్ళు

ఆ ఏడు ఏటి వరద తీశాక ఒడ్డున ఒండ్రు మేట వేసింది. దోస పాదులకు అంతకంటే మంచి నేల దొరకదు. అడవికి పెద్ద అయిన గేదె గంగులమ్మ తీర్పు చెప్పింది: "నక్కకొక మడి, కుందేళ్ళకొక మడి. ఎవరికైనా ఇరవై నాలుగు అంగల తాడు చుట్టినంత నేల."

కొలిచే పని నక్క జంబులయ్య మీదేసుకున్నాడు.

"పిల్లల తల్లివి, నీకెందుకు శ్రమ చెల్లెమ్మా?" అని కుందేలు చెవులమ్మను కూర్చోబెట్టి, గట్లు తానే వేసేశాడు. "చూసుకో, రెండింటికీ తాడు ఒకటే. నీదే కాస్త పొడుగు కూడాను!"

చెవులమ్మ పొంగిపోయింది. ఆమె తొమ్మిదిమంది పిల్లలూ గంతులేసుకుంటూ లెక్కల బడికి పోయారు. అక్కడ ముసలి ఎద్దు వీరభద్రం పంతులు.

"పంతులుగారూ! మా మడి పదకొండు అంగల పొడుగు. నక్క మామది ఆరే!"

"వెడల్పో?"

"మాది ఒక అంగ. మామది ఆరు."

వీరభద్రం కళ్ళు మూసుకుని పెద్ద నిట్టూర్పు విడిచాడు. "నెల్లాళ్ళుగా గులకరాళ్ళు పేర్పించి పేర్పించి నా గిట్టలు అరిగాయి. చుట్టుకొలత వేరు, వైశాల్యం వేరు అని ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు!"

"ఏం అర్థమైంది?"

"ఏది పొడుగో అదే పెద్దది!"

"ఖర్మ! దున్నపోతు మీద వాన అంటారు. అదైనా తడుస్తుంది కదర్రా! లేవండి. అంగకొక పుల్ల చొప్పున ఇరవై నాలుగు తెండి. మీ అమ్మనూ పిలవండి."

పుల్లలతో ముందు సన్నటి మడి కట్టించాడు. లోపల అంగకొక పాదు లెక్కన ఒక్కో రాయి పేర్చారు. పదకొండు పట్టాయి. అవే పుల్లలతో ఆరుకు ఆరు మడి కట్టారు. పదకొండు రాళ్ళూ రెండు వరుసలకే చాలలేదు. మళ్ళీ మళ్ళీ ఏరుకొచ్చి నింపితే ముప్ఫై ఆరు!

చెవులమ్మ ముఖం పాలిపోయింది. "పదకొండు పాదులతో తొమ్మిదిమందిని ఎండాకాలమంతా ఎట్లా సాకను? ఇప్పుడే పోయి వాణ్ణి కడిగేస్తాను!"

"కడిగితే తెల్లబడతాడా? వాదనలో నక్కను గెలిచినవాళ్ళు లేరు," అని విసుక్కున్నాడు వీరభద్రం.

చెవులమ్మ కాసేపు ఆలోచించింది. తిన్నగా గంగులమ్మను వెంటబెట్టుకుని నక్క దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, చిన్న అనుమానం. రెండు మళ్ళూ సమానమేనా?"

"ఇదేం ప్రశ్న? తాడు ఒకటే అయితే నేల ఒకటే. మా అమ్మ మీద ఒట్టు, గింజంత తేడా లేదు!"

"హమ్మయ్య! మా పిల్లలు తుంటరులు. ఆ సన్నటి మడిలో నిలవలేక గట్లు తొక్కేస్తున్నారు. సమానమే కాబట్టి నీది మాకిచ్చి, మాది నువ్వు తీసుకో."

జంబులయ్య గతుక్కుమన్నాడు. "అంటే... అక్కడ నేల... గాలి..."

"తేడా ఉందంటే దొంగ కొలత కొలిచావు. లేదంటే మార్చుకో," అంది గంగులమ్మ. "ఏది?"

"మార్చుకుంటాను," అన్నాడు నక్క, నేల చూపులు చూస్తూ.

ఆ వేసవి కుందేళ్ళు ముప్ఫై ఆరు పాదుల కాయలు తిన్నాయి. జంబులయ్య తన ఒంటి వరుస మడిలో ఇటు తిరిగితే మూతి, అటు తిరిగితే తోక గట్టుకు కొట్టుకుంటూ, పదకొండు పాదులకే నీళ్ళు పోసుకున్నాడు.

నీతి: చుట్టుకొలత చూసి మురిసిపోకు, లోపల ఎంత పడుతుందో లెక్క చూసుకో.