ఎటమ్మ బండ

పూర్వం పులికొండ సీమను కొండమనాయకుడనే ప్రభువు ఏలేవాడు. ఆయన కొండ తూర్పుచరియలో ఊరే జలధార నుండి కాలువ తవ్వించి నెమళ్లదిన్నె, తుమ్మలేడు అనే రెండు గ్రామాలకు నీరు పారించాడు. ఆ కాలువ ఒక నల్లబండ దగ్గర రెండు పాయలుగా చీలేది. ఏ పాయను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసే నీరుగంటి కాలధర్మం చెందగా, నాయకుని ఆజ్ఞ మేరకు ఆ నీరుగంటి భార్య ఓబులక్క ఆ పనిని చేపట్టింది. ఆమె పుట్టిల్లు తుమ్మలేడు, మెట్టినిల్లు నెమళ్లదిన్నె. ఒక ఊరికి ఆడపడుచు, ఒక ఊరికి కోడలు కావడంచేత ఆమె తీర్పుకు ఎవరూ ఎదురు చెప్పేవారు కారు.

అంతలో వానలు ముఖం చాటేసి, జలధార చేయి లావున పారేది వేలి లావుకు దిగింది. ఆ కాస్త నీటినీ రెండుగా పంచితే దారిలోని ఇసుకే తాగివేసి ఏ ఊరికీ చుక్క చేరదు. ఒక పాయకే వదిలితే ఆ ఊరు బతుకుతుంది, రెండవది బీడవుతుంది.

"వదినా, మా అన్న ఉండగా మన పైరు ఇట్లా ఎండనిచ్చినాడా? గింజ చేతికి రాకుంటే పిల్లలకేం పెట్టాలి?" అని మరిది చెన్నప్ప నిలదీశాడు.

"అక్కా, పైరు మాట అట్లుంచు. దూడలు నాలుకలు బయటపెట్టి పడిపోతుండాయి. నీ చేతులతోనే పుట్టింటికి నీళ్లు మూస్తావా?" అని తమ్ముడు మల్లన్న కన్నీరు పెట్టాడు.

చెన్నప్ప మాట్లాడినప్పుడు అతనిదే న్యాయమనిపించేది. మల్లన్న మాట్లాడగానే ఆ న్యాయం ఇటు ఒరిగేది. నాయకుని ఆశ్రయిస్తే, "నీరుగంటివి నీవు, ధర్మమూ నీవే తేల్చు" అన్నాడు. కొండగుహలోని యతీశ్వరుని అడిగితే, "నీరు పోవలసిన చోటికే పోతుంది తల్లీ" అని కన్నులు మూసుకున్నాడు. ఆ మాటకు అర్థమేమిటో దారి పొడుగునా ఆలోచించి, ఆమె వెళ్లినప్పటికంటె ఎక్కువ అయోమయంతో తిరిగివచ్చింది.

మరునాడు ఇరువూళ్లవారూ కర్రలు పట్టుకుని కాలువకు చెరొక గట్టున నిలిచారు. ఓబులక్క తుమ్మలేటి పాయ తెరిచి, చెన్నప్ప ముఖం చూసి మూసింది. నెమళ్లదిన్నె పాయ తెరిచి, తమ్ముడి ముఖం చూసి అదీ మూసింది. రెండూ మూసుకున్న కాలువలో నీరు నిలిచి ఆమె మోకాళ్లను తాకింది. చేతిలోని గడ్డపారను బండపై ఆనించి, దిక్కుతోచక, "ఎటమ్మా? ఎటు వదలమంటావు గంగమ్మతల్లీ, ఎటు?" అని ఎలుగెత్తి ఏడ్చింది. చేయి జారిందో, తానే పొడిచిందో ఆమెకే తెలియదు. గడ్డపార మొన తగిలినచోట బండ నిలువునా పగిలి, నిలిచిన నీరంతా ఆ చీలికలోకి దిగి మాయమయింది.

"ఉన్న కాస్తా పాతాళం పాలు చేస్తివి గదమ్మా!" అని ఒక వృద్ధుడు కూలబడ్డాడు. అంతలో రాతి అడుగున గలగల వినవచ్చింది. కర్రలు పారవేసి, ఇరువూళ్లవారూ నేలకు చెవి ఆనించి, ఆ చప్పుడు వెంట పల్లానికి పరుగెత్తారు. రెండు గ్రామాల పొలిమేరలు కలిసేచోట, ఇసుక రేణువైనా లేని, దొన్నెలాంటి రాతి గుంటలో ఆ నీరు బుగ్గగా పైకి ఉబుకుతున్నది. మందలు రెండూ కలిసి అక్కడే దప్పి తీర్చుకున్నాయి. ఆ యేడు వరి చేతికి రాకపోయినా, కడవలతో మోసుకున్న నీటితో మనుషులూ పశువులూ నిలిచారు, కొర్రలు పండాయి.

జనులు పాదాలకు మొక్కబోగా ఓబులక్క వెనక్కు తగ్గింది. "నాకు మొక్కొద్దు నాయనా. ఆ తల్లి చీల్చిందో, నా గడ్డపార చీల్చిందో నాకు తెలియదు. బండ పగలకుంటే నేనెవరిని ఎండబెట్టుండేదాన్నో, అదీ తెలియదు" అన్నది. అవసానకాలం వరకూ ఆ సందేహం ఆమెను వీడలేదని పెద్దలంటారు.

ఇప్పటికీ ఆ చీలిన బండ పక్కన చిన్న గుడి ఉన్నది. లోపల, ఓబులక్క కేకే పేరుగా నిలిచిన ఎటమ్మ అభయహస్తం చూపదు. అరచేతులు రెండూ చెరొక వైపు చాచి, కనుబొమలు ముడిచి, ఇంకా ఆలోచిస్తున్నట్లే ఉంటుంది. ఏటా వేసవి జాతరలో ఇరువూళ్ల ఆడవారూ ఆమె ముందు నిలిచి "ఎటమ్మా?" అని అడుగుతారు; బదులుకోసం బండకు చెవి ఆనించి, ఆ పిమ్మట బుగ్గకు దిగి మొదటి కడవను పొరుగూరి ఆమె తలకెత్తుతారు.