చెక్కే యంత్రంలో లోపం

ఆస్థాన వడ్రంగి భద్రాచారికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. పల్లె వడ్రంగి ఓదేలు ఇంటి పట్టున కూర్చుని కర్రతో ఒక యంత్రం చేశాడు. దాని ముల్లును నమూనా బొమ్మ మీద నడిపిస్తే, అవతలి ఉలి అదే బొమ్మను పలక మీద చెక్కేస్తుంది. భద్రాచారి నెల పట్టి చెక్కే తలుపు దానికి రెండు రోజుల పని. అతను వెళ్లి ఎంత వెతికినా యంత్రంలో వంక దొరకలేదు. ఓర్వలేక, యంత్రం తనదేననీ ఓదేలు దొంగిలించాడనీ రాజుగారికి ఫిర్యాదు చేశాడు. దొంగకు చెయ్యి నరికే రాజ్యమది.

“ఏమంటావురా ఓదేలూ?” అన్నారు రాజుగారు.

“ప్రభూ, చేసినవాడికి దాని లోపం తెలుస్తుంది. అదేమిటో ఆచారిగారినే చెప్పమనండి.”

భద్రాచారి మండిపడ్డాడు. “నా పనిలో లోపమా? వెంట్రుకంత కూడా లేదు!”

“నా దాంట్లో ఉంది ప్రభూ. ఎడమ పట్టె వంగి, ఆ వైపు ఉలి బియ్యపు గింజంత ఎక్కువ దిగుతుంది. ఆరు నెలలుగా సరిచేయలేక చస్తున్నాను.”

రాజుగారు యంత్రం చెక్కిన పలక తెప్పించి తడిమారు. ఎడమవైపు గుంట వేలికి తగిలింది.

“ఆచారీ, అసూయపడే కంటికి ఎదుటివాడి మెరుపే కనిపిస్తుంది, వాడి పాట్లు కనిపించవు. వెళ్లి ఓదేలుకు కొత్త పట్టె చిత్రిక పట్టి ఇవ్వు” అన్నారు.