గుట్ట అవతలి మాంసం

వెదురు పొదల అడవిలో సింగారమ్మ అనే తోడేలు కోళ్లు పెంచేది. తోడేలేమిటి, కోళ్లు పెంచడమేమిటి అని నవ్వకండి. నాలుగు తరాలుగా ఆ ఇంటికి అదే బతుకుతెరువు. కొనేవాళ్లు కోడిని ఒళ్లో పెట్టుకుని, రొమ్ము ఈకలు ఉఫ్ఫని ఊది, కింద చర్మం చూసి, "ఏం మేపావు?" అని అడిగేవాళ్లు. ఆ తర్వాతే తేనెపట్టు ఇచ్చి తీసుకెళ్లేవాళ్లు.

ఒకరోజు దానియ్య అనే నక్క మోదుగాకు పొట్లాలతో గుట్ట దిగి వచ్చాడు.

"ఈకల్లేవు, ఎముకల్లేవు. నాకు సగం తేనెపట్టు చాలు!"

"ఎక్కడిదిరా ఇది?" అంది సింగారమ్మ.

"గుట్ట అవతలిదక్కా."

"అవతల ఎవరిది?"

దానియ్య నవ్వి ఒక పొట్లం విప్పాడు.

ఆ మాంసానికి వాసనే లేదు. నేల మీద పెడితే చీమలు దూరంగా చుట్టు తిరిగి పోయాయి. సింగారమ్మ పొట్లం వెనక్కి నెట్టేసింది. ఆమె పాత బేరగాడు, ఎలుగుబంటి పోలయ్య మాత్రం రెండు పొట్లాలు చంకన పెట్టుకున్నాడు.

"పోలన్నా, చీమ ముట్టనిది నువ్వెలా తింటావు?"

"చీమలు పట్టకపోతే మంచిదేగా చెల్లెమ్మా! నీ కోడైతే ఈకలు పీకాలి, కాల్చాలి. ఆ చాకిరీ ఎవడు చేస్తాడు?"

ఆ మాట ఆమెను గుచ్చింది. అడవంతా ఆ పొట్లాలకే మరిగింది. ఏడాది తిరిగేసరికి బేరాల్లేక, మేత పుట్టక, కోళ్లన్నీ పోయాయి. అడవిలో తెల్లవారుజాము కూత ఆగిపోయింది. ఎవరూ గమనించనైనా లేదు.

అప్పుడు దానియ్య రావడం మానేశాడు. పదిరోజులు మాడి, అందరూ సింగారమ్మ గుమ్మం ముందు చేరారు.

"ఒక్క కోడి ఇయ్యి చెల్లెమ్మా," అన్నాడు పోలయ్య.

"పెట్టే లేనప్పుడు పిల్లెక్కడ్నించి తేను అన్నా?" ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు దానియ్య గుట్ట మీద నిలబడి కేకేశాడు. చేతిలో ఏమీ లేదు.

"మోయలేకపోతున్నా. అక్కడికే రండి, కడుపునిండా పెడతారు!"

"ఎవరు పెడతారో అడగండి!" అని సింగారమ్మ గొంతు చించుకుంది. పోలయ్య ముందు నడిచాడు, అతని వెనక మరో పదిమంది. గుట్ట దాటాక వాళ్ల అడుగుల చప్పుడు కూడా వినపడలేదు.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం దానియ్య పొట్లాలతో దిగాడు. నడవలేక ఇక్కడే ఆగిపోయిన ముసలి అడవిపిల్లి కన్నమ్మ ఒకటి లాక్కుని విప్పింది.

"పోలన్న ఏడిరా?" సింగారమ్మ అడిగింది.

దానియ్య తేనెపట్టు కోసం కన్నమ్మ వైపు చెయ్యి చాపాడు.

"అబ్బ, ఈసారి భలే కొవ్వుంది వదినా," అంది కన్నమ్మ నములుతూ.

ఎక్కడిదని అడగకుండా తిన్నవాళ్లు, ఎక్కడికని అడగకుండానే పోతారు.